అవతలి తలుపు

పెరుగన్నం డబ్బా మూత సరిగ్గా పడిందో లేదో అని మళ్ళీ ఒకసారి నొక్కి చూశాను, పడింది, ఇందాక చూసినప్పుడూ పడే ఉంది, బస్సులో చూసినప్పుడూ పడే ఉంది, అయినా నా చేతికి నా కంటి మీద నమ్మకం లేదు. గ్యాసు కట్టానా అని బస్సు మారతహళ్ళి చేరక ముందే అనుమానం మొదలైంది, కట్టాను, తిప్పి తిప్పి చూశాను, అయినా పాపక్కకు తాళంచెవి ఇచ్చే వచ్చాను కాబట్టి ఈపాటికి ఆమె పోయి చూసే ఉంటుంది, ఏళ్ళుగా పక్కింట్లో ఉన్న మనిషి, నా సంగతి ఎరిగిన మనిషి. ఎదురుగా మా రంజిత వాళ్ళ విమానాల కంపెనీ ఆఫీసు. నల్లద్దాల మేడ. లోపలివాళ్ళకు నేను కనిపిస్తాను, నాకు వాళ్ళు కనిపించరు, నాకు కనిపించేది ఆ అద్దంలో నేనే, కాలువ మీద పరిచిన బండ మీద సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న మనిషి, వెనకాల పోయే బస్సులు, బస్సుల పైన ఆకాశం. నా కూతురు లోపలికి పోయి చాలాసేపైంది, లేక నాకే అలా ఉందో. తప్పు నాదే, క్షమించండి అని అందరి ముందూ నిలబడి చెప్పాలట. చెబితే ఉద్యోగం ఉంటుంది, చెప్పకపోతే పోతుంది. పొద్దున కొప్పు పిన్నులు అందిస్తూ నేనే అన్నాను, చెప్పెయ్యి తల్లీ, మాటదేముంది, నోరు పుక్కిలిస్తే పోతుంది అని. అది అద్దంలోనే నా వైపు చూసి, పిన్ను తీసుకుని గుచ్చుకుంది. అది మాట్లాడితే నాకు ధైర్యం, ఊరుకుంటేనే భయం.

ఆకాశంలో ఇంకా మోత లేదు. మోత వస్తే నేను లేచి నిలబడాలి. మాది దొడ్డబళ్ళాపురం, మగ్గాల మోతలో పుట్టి మగ్గాల మోతలో నిద్రపోయిన దాన్ని, మా ఇంట్లో మగ్గం ఆగితేనే అందరికీ మెలకువ వచ్చేది, ఆగిందంటే కరెంటన్నా పోయినట్టు, పోగన్నా తెగినట్టు, లేదా ఎవరి చెయ్యో ఇరుక్కున్నట్టు. నా భయాలన్నీ అప్పుడు నిశ్శబ్దంలో ఉండేవి. పెళ్ళయి కె.ఆర్.పురం వచ్చాక, రంజితకు ఈ ఉద్యోగం దొరికాక, అవి మోతలోకి మారాయి. మిద్దె మీదుగా విమానం పోతే చేస్తున్న పని ఆపి నిలబడతాను, అందులో అది ఉన్నా లేకపోయినా, పెనం మీద రొట్టె మాడినా సరే, మోత పూర్తిగా పోయేదాకా నిలబడే ఉంటాను. మా ఇంటాయన శ్రీనివాసప్పకు ఇది పెద్ద నవ్వులాట. "నువ్వు ఈడ నిలబడితేనే అది ఆడ నిలబడతాదా ఏమే?" అంటాడు. ఏమో, ఎవరికి తెలుసు, కూర్చుని చూసే ధైర్యం నాకు లేదు. పాపక్క ఇంకో రకం, మిద్దె మీద గుడ్డలు ఆరేస్తూ పోయే ప్రతి విమానానికీ తడిచెయ్యి ఊపుతుంది. "పైనుంచి నన్ను చూసినావా పాపా?" అని రంజితను అడుగుతుంది. "చూసినా పెద్దమ్మా, నీలం చీర కట్టినావు కదా" అంటుంది అది, గుడ్డలారేసేటప్పుడు పాపక్క కట్టేది ఆ నీలం చీరే. మా ఆడబిడ్డ మాత్రం, గాల్లో పోయి కాఫీలు అందించే పనికి ఇంత హారతా అంది ఒకసారి, మా ఇంట్లోనే కూర్చుని, నేనిచ్చిన కాఫీ తాగుతూ. రంజితే అంది, "అత్తా, కాఫీ ఇచ్చేది నీకు కనపడే పని. కనపడనిది వేరే ఉండాది."

ఆ కనపడని పని ఏమిటో నాకొక్కదానికే విడమరిచి చెప్పింది. విమానం తలుపంటే మన వాకిలి తలుపులాంటిది కాదట. దాని పొట్టలో రబ్బరు జారుడుబల్ల ఒకటి మడిచి పెట్టి ఉంటుంది, ఏదైనా అయి తలుపు తెరిస్తే అది బుస్సుమని ఊది నేలదాకా పరుచుకోవాలి, జనం దాని మీద జారి ప్రాణాలు దక్కించుకోవాలి. కదలబోయే ముందు తలుపు దగ్గరి పిల్ల ఒక కడ్డీ తగిలించాలి, తగిలించకపోతే ఆ బల్ల పరుచుకోదు. ఇదంతా నాకెందుకు చెప్పావే అని తిట్టాను, ఏదైనా అయితే అన్న మాట విన్నాక నాకు నిద్ర ఎక్కడిది. కానీ ఆ తర్వాత చెప్పింది మాత్రం నా మనసులో కూర్చుండిపోయింది. "నా తలుపు నేను చూసుకుంటే చాలదమ్మా. ఈ పక్క నేను, ఆ పక్క ఇంకొకతె. మేం మా తలుపులు వేసినాక నేను పోయి దాని తలుపు చూడాల, అది వచ్చి నా తలుపు చూడాల. చూసి, సరిగ్గా ఉండాది అని నోరు తెరిచి చెప్పాల. అప్పుడే విమానం కదిలేది." ట్రైనింగులో ఆ అవతలి తలుపు చూడడం అందరూ ఎప్పుడో ఒకసారి మరిచిపోయేవారట, మా రంజిత ఒక్కసారీ మరవలేదట. ఎవరి దగ్గర నేర్చుకున్నావు అని అక్కడి టీచరు అడిగితే, "మా అమ్మ దగ్గర మేడమ్, ఆమె మా ఇంటి తలుపే కాదు, పక్కింటోళ్ళ తలుపు కూడా లాగి చూసి పండుకుంటాది" అందట. క్లాసంతా నవ్విందట. చెబుతుంటే నేనూ నవ్వాను. వంటింట్లోకి పోయి కళ్ళు తుడుచుకున్నాను. చిన్నప్పటి నుంచీ పిరికిది పిరికిది అని అనిపించుకున్న దాన్ని, నా పిరికితనం ఒక చోట చదువుగా లెక్కకు వస్తుందని అంతకు ముందు నాకెవరు చెప్పారు.

"ఎవరి కోసరమక్కా?" గేటు దగ్గర స్టూలు మీద కూర్చున్న వాచ్‌మన్ అడిగాడు, తెలుగు వినేసరికి ప్రాణం లేచి వచ్చింది, చొక్కా మీది బిళ్ళ మీద ఓబళప్ప అని ఉంది. మా పాప రంజిత లోపల ఉండాదప్పా అన్నాను. ఆయన స్టూలు మీంచి సగం లేచాడు. "రంజితమ్మ అమ్మవా నువ్వు? ఈ మేడకంతా ఆ పిల్ల ఒకతే నన్ను అప్పా అని పిలిచేది. మిగతా వాళ్ళంతా హలో, హలో. కొన్నాళ్ళకు నా పేరే హలో అనుకుంటి." నవ్వాను, నవ్వుతూనే అడిగాను, లోపల ఏమవుతాండాదప్పా అని. "డ్యూటీ లేని పిల్లోళ్ళందర్నీ పిలిపించినారు. కొత్తగా ట్రైనింగుకు వచ్చినోళ్ళు కూడా ఉండారు. కుర్చీలేసినారు. పెండ్లిచూపుల మాదిరి," అన్నాడు, అని నా ముఖం చూసి నాలుక కరుచుకున్నాడు. "నువ్వేం బేజారు చేసుకోవద్దక్కా. ఆడనే కూకో. నువ్వు కూకుంటే ఏం లేదు. యూనిఫారం పిల్లోళ్ళు కూకుంటేనే నన్ను తిడతారు."

అవును, అదొక చట్టం. యూనిఫారం వేసుకున్నాక వీధిలో ఎక్కడా కూర్చోకూడదు, ఏమీ తినకూడదు, కంపెనీ పరువు పోతుందట. ఒకసారి కంపెనీ వ్యాను రావడం ఆలస్యమై ఎండలో బస్టాపు పక్కన ఇది నిలబడి ఉండడం నేను కళ్ళారా చూశాను, ఎత్తు మడమల చెప్పుల్లో, పక్కనే బెంచీ ఖాళీగా ఉంది, ఇది మాత్రం ఒక కాలి బరువు ఇంకో కాలికి మార్చుకుంటూ నిలబడే ఉంది, ముఖం మీద ఆ నవ్వు అలాగే ఉంది. కూర్చుంటే పోయే పరువు అదేం పరువో నాకు తెలియదు. పై నుంచి కిందికి దిగాక కాళ్ళు ఉబ్బి ఉంటాయి, వేడినీళ్ళలో ఉప్పు వేసి పెడితే ఆ గిన్నెలో కాళ్ళు పెట్టుకునే నిద్రపోతుంది. విమానంలో అందరికీ వడ్డించి, పరదా వెనకాల నిలబడి, మిగిలితే తింటుంది, మిగలకపోతే లేదు. ఆఫీసు వరండాలో బరువు చూసే మిషన్ ఒకటి పెట్టారు, అందరూ చూస్తుండగా ఎక్కాలి, కాస్త ముల్లు జరిగితే ఆ పిల్లకు విమానం లేదు, ఆఫీసు గుమ్మం పక్కన కుర్చీ వేసి రోజంతా కూర్చోబెడతారు, పోయేవాళ్ళూ వచ్చేవాళ్ళూ చూడాలని. బయట కూర్చుంటే పరువు పోతుంది, లోపల కూర్చోబెట్టి పరువు తీస్తారు. మా ఇంట్లో రాగిముద్ద మీద నెయ్యి వెయ్యడానికి నేను భయపడే రోజు వస్తుందని అనుకోలేదు. ఎవరైనా నోరెత్తితే వాళ్ళ మేనేజరు మేడమ్ కిటికీలోంచి రోడ్డు చూపిస్తుందట, నీలాంటి వాళ్ళు ఆ గేటు బయట ఎంతమంది నిలబడి ఉన్నారో చూడు అని. ఇప్పుడు చూస్తే నేనొక్కదాన్నే కనిపిస్తాను, డబ్బాతో.

ఇంత జరిగినా ఒక్కనాడు మానేస్తానని అనలేదు. ఆ పని దానికి ఇష్టం. విమానం లేచేటప్పుడు చిన్నపిల్లల చెవులు నొప్పెడితే వాళ్ళ తల్లులకు ఏం చేయాలో చెప్పడం, మొదటిసారి ఎక్కిన ముసలివాళ్ళకు బెల్టు కట్టడం, అవన్నీ ఇంటికొచ్చి నటించి చూపిస్తుంది. ఒక ముసలాయన చెప్పులు విప్పి చేత్తో పట్టుకుని ఎక్కాడట, గుడి అనుకున్నాడో ఏమో, ఇది ఆయన చెప్పులు తీసుకుని సీటు కింద భద్రంగా పెట్టి, దిగేటప్పుడు మళ్ళీ చేతికిచ్చిందట. అది చెప్పేటప్పుడు దాని ముఖం చూడాలి. ఆ ముఖం చూసే నేను ఇన్నేళ్ళూ విమానం మోతకు లేచి నిలబడ్డాను.

పోయిన వారం హరిణి సంగతి జరిగింది. హరిణి కోలారు పిల్ల, కొత్తగా చేరింది, మా ఇంటికి వస్తే పిల్లిలా వంటింట్లో నా వెనకే తిరుగుతుంది. ఒక విమానం దిగీ దిగక ముందే ఇంకోటి ఎక్కమన్నారు, అది దిగితే మరొకటి. ఒళ్ళు కాలుతోంది మేడమ్ అంటే, బుగ్గలకు రంగు ఇంకాస్త దట్టించు, ఎవరికీ తెలీదు అందట ఆ మేనేజరు. తలుపు దగ్గర ఆ పిల్ల చేతులు వణికి కడ్డీ తగిలించకుండానే తగిలించాననుకుంది. అవతలి తలుపు నుంచి మా రంజిత పోయి చూసింది. కడ్డీ తగల్లేదు. తనే తగిలించింది. అప్పుడు హరిణి చేతిని తాకితే పెనం మీద చెయ్యి పెట్టినట్టుందట. సరిగ్గా ఉండాది అని అనేస్తే అయిపోయేది, విమానం వెళ్ళిపోయేది, నేను ఇక్కడ కూర్చునేదాన్ని కాదు. ఇది అనలేదు. నేరుగా పైలటు దగ్గరికి పోయి, తలుపు సరిగ్గా ఉంది, తలుపు దగ్గర నిలబడిన మనిషి సరిగ్గా లేదు, రేపు ఏదన్నా అయితే ఆ తలుపు తెరవాల్సింది ఆ చేతులే, నేను ఒప్పుకోను అని చెప్పింది. ఆయన విమానం ఆపాడు. హరిణిని దించి ఇంకొకరిని తెచ్చేదాకా లోపల జనం అరిచారు, ఎవరో పెద్దమనిషి పెద్దవాళ్ళకు ఫోన్లు కొట్టాడు. ఆ పైలటు ఆఫీసులో మాత్రం నోరు మెదపలేదు. తప్పంతా రంజిత నెత్తిన పడింది, కంపెనీని నడిబజారులో నవ్వులపాలు చేసిందట.

చెప్పెయ్యి తల్లీ అని నేనెందుకన్నాను. అనకుండా ఎలా ఉంటాను. దేవనహళ్ళి దగ్గర కొత్త విమానాశ్రయం కడుతున్నారట, కె.ఆర్.పురం నుంచి అంత దూరం ఈ పిల్ల చీకటితో ఎలా పోతుందా అని నిన్నటిదాకా అదే నా బెంగ, ఇప్పుడు ఆ బెంగ కూడా ఉండదేమోనని బెంగ. చెప్పకపోతే పోలీసులను పిలుస్తారేమో. ఇంకే కంపెనీలోనూ తీసుకోకుండా చేస్తారేమో. చెబితే మాత్రం, చెప్పి బయటికి వచ్చిన దాని ముఖం ఎలా ఉంటుంది. ఆ ముఖంతో మళ్ళీ చెప్పుల ముసలాయన కథ చెబుతుందా. రేపు ఇంకో పిల్ల చేతులు వణికితే చూస్తుందా, చూసీ చూడనట్టు పోతుందా. ఈ ఆలోచన ఎక్కడి నుంచి వచ్చిందో నాకు. నేను పొద్దున కొప్పు పిన్నులు అందిస్తూ దాన్ని అడిగింది, పక్కింటి తలుపు చూడకుండా పడుకొమ్మనే కదా. నేను ఒక్కరోజన్నా అలా పడుకోగలిగానా.

అద్దాల తలుపు తెరుచుకుంది. రంజిత కాదు, హరిణి. చెప్పులు చేత్తో పట్టుకుని, వట్టి కాళ్ళతో గేటు దాటి, రోడ్డు అటూ ఇటూ చూడకుండా దాటి, చూసి దాటు తల్లీ అని నేను అరుస్తుండగానే వచ్చి, నా పక్కన బండ మీద ధబాలున కూర్చుంది. యూనిఫారంలో. ఓబళప్ప లేచి నిలబడ్డాడు. "పాపా, ఈడ కూకోకూడదు..." అని మొదలుపెట్టి ఆగిపోయాడు.

"చెప్పేసిందా?" అన్నాను.

"చెప్పింది ఆంటీ. తప్పు నాదని కాదు. లేచి నిలబడి, తలుపులు చూసేది మా పని, చూసినా, సరిగ్గా లేదు, ఈ పొద్దుకూ సరిగ్గా లేదు అనింది. అంతే. కూకోనింది. మేడమ్ ముఖం ఎర్రగా అయిపోయె. ఆ రెక్కల బిళ్ళ తీసి టేబుల్ మీద పెట్టు అనింది."

"ఎవరూ ఏమీ అనలేదా?"

"ఎవరంటారు ఆంటీ. అందరూ తల వంచుకోనిరి. నేనూ వంచుకోనింటి." హరిణి చెప్పులు ఒళ్ళో పెట్టుకుని ముక్కు ఎగపీల్చింది. "ఆమీట లేచినా. కాళ్ళు వణికె. జ్వరం కూడా లేదు, అయినా వణికె. మేడమ్, రంజితక్క తలుపు నేను చూసినా, సరిగ్గా ఉండాది అంటి. ఇంగ్లీషులో అనల్ల గదా ఆంటీ, భయానికి తెలుగులో వచ్చేసె. ఆమెకు అర్థం కాలేదు. మా వాళ్ళకు కొంతమందికి అయింది."

నేను ఆ పిల్ల తలను నా భుజానికి అదుముకున్నాను. పిన్నులు గుచ్చుకున్నాయి. అప్పుడు వచ్చింది మా రంజిత. మెల్లగా, తొందర లేకుండా, ఎత్తు మడమల మీద నిటారుగా, పొద్దున లోపలికి పోయినట్టే. రొమ్ము మీద రెక్కల బిళ్ళ ఉండాల్సిన చోట రెండు చిన్న సూది బొక్కలు, ఆ చుట్టూ గుడ్డ రంగు కొంచెం ముదురుగా ఉంది, ఎండ తగలని రంగు.

"పోయిందమ్మా," అంది.

ఇన్నేళ్ళుగా నేను ఎదురుచూసిన మాట. ఏ మోత విన్నా, ఏ ఫోను మోగినా, ఇదే మాట వస్తుందని గుండె చేత్తో పట్టుకుని ఉన్నాను. ఇప్పుడు నిజంగా వచ్చింది, వచ్చి నా ముందు నిలబడింది, చూస్తే అంత పెద్దదేమీ కాదు. నా కూతురే దానికంటే పొడుగ్గా ఉంది.

"కూకో," అన్నాను, సంచి తీసి చోటు చేస్తూ.

అది ఒకసారి వెనక్కి తిరిగి నల్లద్దాల వైపు చూసింది. అందులో మేం ముగ్గురం కనిపిస్తున్నాం. ఆ యూనిఫారం పావడాను మోకాళ్ళ కింద సర్దుకుని, నా పక్కన కాలువ బండ మీద కూర్చుంది, చెప్పులు విప్పి, వేళ్ళు విరుచుకుని, కాళ్ళు రోడ్డు మీదికి చాపింది. ఓబళప్ప మా వైపు చూశాడు, అద్దాల వైపు చూశాడు, తర్వాత స్టూలు ఎత్తి అటు తిప్పి వేసుకుని మాకు వీపు పెట్టి కూర్చున్నాడు. "ఈ పక్క ఎండ జాస్తి," అన్నాడు ఎవరితోనో.

డబ్బా మూత తీశాను. గట్టిగా పడింది, తియ్యడానికి గోళ్ళు నొప్పెట్టాయి, రంజిత నవ్వింది. "పొద్దున నుంచి ఎన్నిసార్లు నొక్కినావే దీన్ని?" మామిడికాయ ముక్క పైన పెట్టి ముద్దలు చేసి ఒకటి దాని చేతిలో, ఒకటి హరిణి చేతిలో పెట్టాను. పట్టపగలు, రోడ్డు మీద, యూనిఫారంలో, ఆ అద్దాల ఎదురుగా నా పిల్లలు తింటున్నారు. ఇంకో పిల్ల గేటు దాటి వచ్చింది, పేరు తెలియదు, కూర్చోలేదు, ఆ పిల్లకూ ఇంట్లో ఒక తల్లి ఉంటుంది, వెనక్కి చూస్తూ నిలబడే చెయ్యి చాపింది. నిలబడి తినేవాళ్ళకు కొంచెం పెద్ద ముద్ద పెట్టాలి. పెట్టాను. నోట్లో వేసుకుని, రంజిత భుజం మీద ఒకసారి చెయ్యి వేసి, లిప్‌స్టిక్కు సర్దుకుంటూ లోపలికి పోయింది.

అప్పుడు వచ్చింది మోత. ఆ పక్కనే రన్‌వే కాబట్టి ఇక్కడ నేల కూడా అదురుతుంది, బండ కింద కాలువలో నీళ్ళు కూడా అదురుతాయి. నా కాళ్ళు వాటంతట అవే నేలను వెతుక్కున్నాయి. కానీ ఒళ్ళో డబ్బా ఉంది, ఒక భుజం మీద హరిణి వాలి ఉంది, ఇంకో పక్క మా రంజిత నోట్లో ముద్దతోనే తల పైకెత్తి, రెప్ప వెయ్యకుండా ఆ విమానాన్నే చూస్తోంది, దాని పొట్ట, చక్రాలు, తలుపుల గీతలు, ఈ పక్కవీ ఆ పక్కవీ.

"సరిగ్గా ఉండాదా?" అన్నాను.

"ఉండాదమ్మా," అంది.

నేను లేవలేదు. అది దానంతటదే పైకి పోయింది.